ఎవరిని ఆడించవలెను?

ధ్యానభాగములు: అపొస్తలుల కార్యములు 15:36–41, 1 సమూయేలు 30:21–25



మన యానాములో సాయంకాలమైనచో గౌతమి గట్టున యువకులు గుంపులుగా కూర్చుండి వాదించుకొనుచుందురు. పూర్వము పెద్దలు ధాన్యము ధరను గూర్చియు, గోదావరి వరదను గూర్చియు మాటలాడుకొనిన చోటనే ఇప్పుడు జట్టు ఎంపికను గూర్చిన మాటలు వినబడుచున్నవి. ఎవనిని ఆడించిరి, ఎవనిని మానిపించిరి, నాలుగవ స్థానములో ఎవడు దిగవలసినది, కోచ్‌కు బుద్ధి యున్నదా లేదా అనునదే సంగతి. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత గుడి అరుగుమీద కూడ ఇదే. ఒకమారు ఇద్దరు మంచి స్నేహితులు, ఇద్దరును యౌవనస్థుల కూటములో పాటలు నడిపించువారే, ఈ వాదము చేత వారము దినములు ఒకరితో నొకరు పలుకక యుండిరి. వారిలో ఒకడు మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, మీరే చెప్పండి, వాణ్ణి తీసెయ్యడం న్యాయమేనా?" అని యడిగెను.

ఆటలను గూర్చి సంఘపత్రికలో వ్రాయుట తగునా అని కొందరు పెద్దలు తలంతురేమో. పౌలు భక్తుడు పరుగుపందెమును గూర్చి కొరింథీయులకు వ్రాయుటకు సంకోచింపలేదు గదా. అదియు గాక, ఆ యువకుడు అడిగినది ఆటను గూర్చి మాత్రమే కాదు. న్యాయమను మాట అతని నోట వచ్చినది. పదిమంది తగినవారుండి అయిదుగురికే చోటున్నప్పుడు న్యాయమనగా నేమి? బాస్కెట్ బాల్ ఆటలో జట్టునకు పన్నెండుమంది యున్నను నేలమీదికి దిగువారు అయిదుగురే. క్రికెట్టులో పదునొకండుగురు. మిగిలినవారు ప్రక్కన కూర్చుండి నీళ్లు అందింపవలెను. ఇది మన సంఘములలోను, ఇండ్లలోను, పొలములలోను నిత్యము జరుగు సంగతియే గనుక కొంచెము విచారించుదము.

మన ప్రాంతమువారందరు ఎరిగిన ఒక ఉదాహరణ తీసికొందము. 2019 ఏప్రిల్ 15వ తేదీన ప్రపంచకప్ పోటీకి భారత జట్టులోని పదునైదుగురి పేర్లు ప్రకటించిరి. అందులో గుంటూరులో పుట్టిన అంబటి రాయుడి పేరు లేకపోయెను. అతడు అప్పటికి 55 వన్డేలలో 1,694 పరుగులు చేసినవాడు; సగటు 47. అంతకు ముందు 2018 అక్టోబరులో కెప్టెన్ కోహ్లీ, నాలుగవ స్థానమునకు ఇతడే తగినవాడని బహిరంగముగా చెప్పియుండెను. 2019 ఫిబ్రవరిలో వెల్లింగ్టనులో రాయుడు 90 పరుగులు చేసి జట్టును నిలువబెట్టెను. అయితే మార్చి నెలలో ఆస్ట్రేలియాతో ఆడిన మూడు ఆటలలో 13, 18, 2 పరుగులు మాత్రమే చేసెను. అతనికి బదులు తమిళనాడు వాడైన విజయ్ శంకరును ఎన్నుకొనిరి. శంకరు బ్యాటుతోను, బంతితోను, ఫీల్డింగులోను మూడు విధములుగా ఉపయోగపడునని సెలక్టర్ల అధ్యక్షుడు ఎం.ఎస్.కె. ప్రసాదు చెప్పెను. ఆ ప్రసాదును గుంటూరు వాడే. మరునాడు రాయుడు, ప్రపంచకప్ చూచుటకు మూడు పరిమాణముల కళ్లద్దములు తెప్పించుకొంటినని ఎగతాళిగా ఒక మాట వ్రాసెను. ఆ మాట దేశమంతట వ్యాపించెను.

ఇక చూడుడి. జూన్ 16వ తేదీన మాంచెస్టరులో పాకిస్థానుతో ఆట. భువనేశ్వర్ గాయపడి ఓవరు మధ్యలో వెళ్లిపోగా మిగిలిన బంతులు వేయుటకు శంకరు వచ్చెను. ప్రపంచకప్‌లో తాను వేసిన మొదటి బంతికే వికెట్టు తీసెను. ఆ రాత్రి మన గౌతమి గట్టున సెలక్టర్లను పొగడని నోరు లేదు. కొన్ని దినములలో శంకరు కాలివ్రేలికి దెబ్బ తగిలి ఇంటికి వెళ్లెను. జట్టునకు అదనముగా ఉంచిన పేర్లలో రాయుడు ఉన్నను, అతనిని పిలువక మయాంక్ అగర్వాలును పిలిచిరి. జూలై 3వ తేదీన రాయుడు ఆట మానుకొనుచున్నానని ప్రకటించెను. జూలై 10వ తేదీన న్యూజిలాండుతో సెమీఫైనలులో మనవారు మొదటి మూడు వికెట్లు అయిదు పరుగులకే పోగొట్టుకొని, చివరకు 18 పరుగుల తేడాతో ఓడిపోయిరి. అప్పుడు అదే గట్టున, అవే నోళ్లు, నాలుగవ స్థానములో రాయుడున్నచో గెలిచియుందుమనియు, ఎన్నుకొనినవారు అన్యాయస్థులనియు పలికెను.

ఏప్రిల్ నెలలో చేసిన ఎంపిక ఒక్కటే. అది జూన్ నెలలో నీతియై జూలై నెలలో అవినీతి యగుట ఎట్లు? బంతి తిరిగినప్పుడెల్ల మన తీర్పు తిరిగినచో అది తీర్పు కాదు, జూదము.

మన రైతులకు ఈ సంగతి బోధింప నక్కరలేదు. 1996 నవంబరు 6వ తేదీని మరచినవారు ఈ డెల్టాలో ఎవరున్నారు? అప్పటికి వరి కొన్ని చేలలో కోతకు వచ్చెను, కొన్నింటిలో ఇంకను పాలుపోసుకొనుచుండెను. గింజ బాగుగా ముదరనిమ్మని పదిదినములు ఆగిన రైతు మంచి రైతే. తొందరపడి కోసినవానిని మామూలు సంవత్సరములో అందరును నవ్వుదురు. తుపాను వచ్చి కొబ్బరితోటలను నేలకూల్చి, చేలను నీటముంచెను. ఆగినవాడు నష్టపోయెను. అతడు బుద్ధిహీనుడని చెప్పుదుమా? గాలి ఎటు వీచునో అతనికి తెలియదు. తెలిసినంతలో నమ్మకముగా పనిచేసెనా లేదా అనునదే అతనిని గూర్చి అడుగదగిన ప్రశ్న. ఎన్నుకొనువానిని గూర్చియు అంతే. పని ఎట్లు ముగిసినదని కాక, ఎంపిక జరిగిన దినమున అతని కన్నులయెదుట ఏమి యుండెను, అతడు దేనిని చూచి ఎన్నుకొనెను, పనిని చూచెనా, ముఖమును చూచెనా అని అడుగవలెను. లేవీయకాండము 19:15లో దేవుడు న్యాయాధిపతులకు ఇచ్చిన ఆజ్ఞ యిదే: బీదవాడని పక్షపాతము చూపకూడదు, గొప్పవాడని అభిమానము చూపకూడదు.

రాయుడు సంగతిలో మా అభిప్రాయమేమని యువకులు అడిగిరి గనుక చెప్పుచున్నాము. మార్చి నెలలోని ఆటను, ఇంగ్లాండు వాతావరణమును, బంతి కూడ వేయగలవాని అవసరమును చూచి మరియొకని నెన్నుకొనుటకు ఆ సెలక్టర్లకు అధికారము కలదు. అందులో అన్యాయమున్నదని మేము చెప్పజాలము. తన ఊరివాడే గదా, ప్రసాదు అతనిని తీసికొనవలసినదని కొందరనిరి. అట్లు తీసికొనియుండినచో అదియే అన్యాయమై యుండెడిది. అయితే ఆశ పెట్టిన మాట యొకటి ముందుగా బయటికి వచ్చెను గదా, దానికేమి చెప్పవలెను? కెప్టెను నలుగురిలో చెప్పిన మాటను నమ్ముకొని ఆరు నెలలు సిద్ధపడిన మనుష్యుడు ఒకడున్నాడు. అతనికి మొదట ఏకాంతమున చెప్పదగిన సంగతిని లోకమునకు ఒక చమత్కారపు మాటతో వినిపించినప్పుడు గాయము రెండింతలగును. ఎన్నుకొనుటలో తప్పు లేకపోయినను, విడిచిపెట్టబడినవానితో వ్యవహరించుటలో కొరత యుండవచ్చును. రాయుడు వ్రాసిన ఎగతాళియు, కోపముతో ఆటను మానుకొనుటయు మంచివని మేము చెప్పము. ఆగస్టు నెలాఖరుకు అతడే ఆ నిర్ణయమును వెనుకకు తీసికొనెను. నొచ్చిన మనస్సు తొందరపడుట మనుష్య స్వభావము.

ఈ చిక్కు సంఘ చరిత్రలో మొదటి తరములోనే వచ్చెను. అంతియొకయలో పౌలును బర్నబాయు రెండవ ప్రయాణమునకు సిద్ధపడుచుండగా ఎవరిని వెంటబెట్టుకొని పోవలెనను ప్రశ్న పుట్టెను. మార్కు అను మారుపేరుగల యోహానును తీసికొందమని బర్నబా చెప్పెను. పంఫూలియలో పనిని విడిచి తిరిగిపోయినవానిని మరల తీసికొనుట తగదని పౌలు తలంచెను. తీవ్రమైన వాదము కలిగి, బర్నబా మార్కును తీసికొని కుప్రకు ఓడ యెక్కెను. పౌలు సీలను ఏర్పరచుకొని వేరొక త్రోవను వెళ్లెను. ఇద్దరును పరిశుద్ధాత్మచేత నడిపింపబడినవారే. ఒకే పాత్రలో భుజించి, కలిసి దెబ్బలు తినినవారే.

ఎవరిది న్యాయము? మా సెమినరీ దినములలో ఈ భాగము వచ్చినప్పుడెల్ల విద్యార్థులు రెండు పక్షములుగా చీలిపోవుచుండిరి. గంట కొట్టినను వాదము ఆగెడిది కాదు. పౌలు పనిని చూచెను: కొండదారులలో, రాళ్లురువ్వు జనముల మధ్యను విడిచిపోనివాడు కావలెను. బర్నబా మనుష్యుని చూచెను: ఒకమారు జారినవానికి రెండవ అవకాశము నియ్యనిచో అతడు లేచుట ఎట్లు? అయితే కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 4:10 చదివినచో మార్కు బర్నబాకు దగ్గర బంధువని తెలియుచున్నది. అయ్యో, ఇక్కడను మనవాడను సంగతి యున్నది! బర్నబా కనికరములో బంధుత్వము పాలెంతయో అతనికే తెలిసియుండునో లేదో.

తరువాత పౌలు తన చివరి దినములలో తిమోతికి వ్రాయుచు మార్కును తోడుకొని రమ్మనియు, అతడు పరిచర్యకు ప్రయోజనకరుడనియు చెప్పెను (2 తిమోతి 4:11). దానినిబట్టి బర్నబాయే గెలిచెనని పలువురు బోధకులు చెప్పుదురు. మేము పైన చెప్పిన మాట నిజమైనచో ఈ బోధకులు త్వరపడుచున్నారు. మార్కు తరువాత నిలిచెను గనుక మొదట అతనిని వద్దనుట తప్పని తేలదు. వద్దనినవాడొకడు, చేయి పట్టుకొనినవాడొకడు ఉండుట చేతనే అతడు నిలిచెనేమో. ఇది మా ఊహ మాత్రమే. లూకా ఎవరి పక్షమును తీర్పు వ్రాయలేదు. వ్రాయుటకు అతనికి సమయము లేకపోలేదు. పౌలుతో నడిచినవాడై యుండియు ఊరకుండెను.

ఇక మనవాడు అను మాటను గూర్చి ఒక్కటి. కాకినాడలో పుట్టిన హనుమ విహారిని ఆడింపనప్పుడెల్ల మన గట్టున కేక పుట్టును: మన గోదావరివానిని త్రొక్కివేయుచున్నారని. మంచిది. అయితే మన యానాము లెక్క ఏమి? భాష తెలుగు, నీళ్లు గోదావరివి, పెండ్లిసంబంధములు కోనసీమతో. పాలన మాత్రము పుదుచ్చేరి. 2018-19లో పుదుచ్చేరి జట్టు రంజీ పోటీలో మొదటిసారి దిగినప్పటినుండి, మన యానాము కుఱ్ఱవానికి రంజీ త్రోవ తమిళము మాటలాడు మైదానము మీదుగా పోవుచున్నది. అక్కడి సెలక్టరు కూడ మన కేకవంటి కేకలు వినుచుండిన యెడల మన కుఱ్ఱవాని గతి ఏమగును? మనవాడని అరచుచున్నప్పుడు, వేరొకచోట మనము పైవారమని మరచిపోవుచున్నాము.

విహారి పేరు వచ్చెను గనుక అతనిని గూర్చి కొంచెము నిలిచి చూతము. 2021 జనవరి 11వ తేదీన సిడ్నీలో టెస్టు చివరి దినమున అతనికి తొడ కండరము పట్టివేసెను. పరుగెత్తలేడు. కదలుటయే కష్టము. అశ్వినుతో కూడ నిలిచి 40 ఓవర్లకు పైగా ఇద్దరును వికెట్టు కాపాడిరి. విహారి 161 బంతులు ఎదుర్కొని చేసినవి 23 పరుగులు. లెక్క చూచిన అల్పము. అయితే ఆ దినము ఓటమి తప్పెను. తరువాతి ఆట బ్రిస్బేనులో జనవరి 19న గెలిచి మనవారు పరంపరను 2-1గా దక్కించుకొనిరి. దేశమంతయు పండుగ చేసికొనిన ఆ దినమున విహారి మైదానములో లేడు. గాయముతో ప్రక్కన నుండెను. మరుసటి సంవత్సరము జనవరిలో జోహానెస్‌బర్గులో కోహ్లీకి వెన్నునొప్పి వచ్చినందున విహారిని ఆడించిరి. 20 పరుగులును, రెండవమారు అవుటు కాకుండ 40 పరుగులును చేసెను. తరువాతి ఆటకు కోహ్లీ తిరిగి వచ్చెను. విహారి మరల ప్రక్కన కూర్చుండెను.

ఇందులో ఎవరి తప్పు ఉన్నది? కోహ్లీ వచ్చుట తప్పు కాదు. కోచ్ అతనిని తీసికొనుట తప్పు కాదు. విహారి ఏ తప్పును చేయలేదు. అందరును న్యాయముగా నడిచినను ఒకడు ప్రక్కకు పోవలసివచ్చెను. ఇది మా యువకులకు మ్రింగుడు పడలేదు. ఒకడు ప్రక్కకు పోయెననగా తప్పక ఎవడో దుర్మార్గుడుండవలెనని వారు తలంచుచున్నారు: ఎన్నుకొనినవాడైన చెడ్డవాడు, లేక పోయినవాడైన చేతగానివాడు. మూడవ సంగతి యొకటి కలదు. చోట్లు తక్కువ, తగినవారు ఎక్కువ. అంతే. ఏర్పరచుకొనబడక పోవుట మనుష్యుని విలువను గూర్చిన తీర్పు కాదు.

ఈ మాట చెప్పుట సులభము. మన గుడిలో క్రిస్మసు నాటకము వచ్చినప్పుడు దీనిని ఒప్పించుట కష్టము. తూర్పు జ్ఞానులు ముగ్గురేయని లేఖనములో ఎక్కడను లేదు గనుక ఒక సంవత్సరము మేము అయిదుగురిని చేసితిమి. గొర్రెల కాపరులను పన్నెండుమందిని చేసితిమి. దేవదూతలకు లెక్కయే లేదు. అయినను మరియ యొక్కతే. ఇద్దరు బాలికలు సమానముగా పాడుచు, సమానముగా మాటలు అప్పగించుచున్నప్పుడు ఒకతెను ఏర్పరచితిమి. రెండవ బాలిక ఏడ్చి, మరునాడు దేవదూత రెక్కలు తానే కుట్టుకొని వచ్చెను. తల్లిదండ్రులు మాత్రము ఈస్టరు వరకు గుడికి రాలేదు. సంఘపెద్దల ఎన్నికలలో, కానుకల పెట్టె పట్టువారి విషయములో, మండపేట కూటములకు ఎవరిని పంపవలెనను దానిలో ఇట్టివి ఎన్ని యిండ్లను వేరుచేసినవో మీకందరికిని తెలియును. అట్టి యిండ్లకు వెళ్లి కూర్చున్నప్పుడు, ఏర్పాటు న్యాయమైనదని ఋజువు చేయుటచేత ప్రయోజనము కలుగలేదు. వారు అడుగునది అది కాదు. మా పిల్లకు ఇక్కడ భాగమున్నదా లేదా అని అడుగుచున్నారు.

ఈ ప్రశ్నకు దావీదు ఒక కట్టడతో జవాబు చెప్పెను. సిక్లగును అమాలేకీయులు కాల్చి భార్యలను పిల్లలను చెరగొనిపోయిరి. దావీదు ఆరువందలమందితో తరుముచుండగా బెసోరు వాగు నొద్ద రెండువందలమంది అలసి దాటలేక సామాను నొద్ద నిలిచిరి. నాలుగువందలమంది పోయి గెలిచి వచ్చిరి. అప్పుడు వారిలో కొందరు, వాగు దాటనివారికి దోపుడుసొమ్ములో భాగమియ్యకూడదు, వారి భార్యాపిల్లలను మాత్రము ఇచ్చి పంపివేయుదమనిరి. లేఖనము వారిని దుర్మార్గులని పేరు పెట్టుచున్నది. ఆ మాట కఠినముగా లేదా? వారు దొంగతనము చేయలేదు. ప్రాణములకు తెగించి పోరాడినవారే. దావీదు సామాను నొద్ద నిలిచినవానికిని యుద్ధమునకు పోయినవానికిని సమభాగమని నిర్ణయించెను. అతడు చెప్పిన కారణము గమనింపుడి. నిలిచినవారును కష్టపడిరి అని అతడు వాదింపలేదు. ఈ సొమ్ము మనకు యెహోవా ఇచ్చినది అనెను. మనము సంపాదించినదైనచో కొలిచి పంచుకొందుము. ఇయ్యబడినదానిని కొలుచుటకు మనమెవరము?

యెదుర్లంక వారధి దాటి వెళ్లినచో వచ్చు అమలాపురము నుండి సాత్విక్ సాయిరాజు వచ్చెను. అతనిని, ముంబాయి వాడైన చిరాగ్ శెట్టిని 2016లో మలేషియా దేశపు కోచ్ తాన్ కిమ్ హర్ జంటగా కూర్చినప్పుడు, ఇద్దరును వెనుకనుండి బలముగా కొట్టువారే, వీరికి పొత్తు కుదరదని పలువురు అనుకొనిరి. 2022 మే 15వ తేదీన బ్యాంకాకులో థామస్ కప్ ఫైనలు జరిగెను. పదునాలుగు మారులు గెలిచిన ఇండోనేషియాతో భారతదేశము మొదటిసారి ఫైనలులో తలపడెను. అయిదు ఆటలలో మూడు గెలువవలెను. లక్ష్య సేన్ గెలిచెను, సాత్విక్ జంట మూడు గేములాడి గెలిచెను, గుంటూరు శ్రీకాంతు గెలిచెను. 3-0. అంతటితో ముగిసెను. తరువాత దిగవలసిన రెండవ జంటయు, కేరళ వాడైన ప్రణయ్‌యు రాకెట్టు ఎత్తవలసిన పని లేకపోయెను. అంతకు ముందు మలేషియాతోను, డెన్మార్కుతోను రెండు రెండుగా సమానమైనప్పుడు చివరి ఆట గెలిచి జట్టును ఫైనలునకు తెచ్చినవాడు ఈ ప్రణయే. డెన్మార్కుతో ఆడునప్పుడు జారిపడి చీలమండ నొచ్చినను నిలిచి గెలిచెను. శ్రీకాంతు చివరి బంతి కొట్టగానే ప్రక్కన కూర్చున్నవారందరు కోర్టులోనికి పరుగెత్తి వచ్చి అతనిమీద పడిరి. పదిమంది జట్టుకును పతకములు దొరకెను. అక్కడ ఎవడును కొలత చూడలేదు.

మన యువకునికి ఇవన్నియు చెప్పిన తరువాత అతడు కొంచెముసేపు ఊరకుండి, "అయితే వాదించుకోకూడదంటారా?" అనెను. వాదించుకొనవచ్చును. జట్టును ప్రేమించువాడు వాదింపక ఉండజాలడు. వాదించువానికి మాత్రము నష్టమేమియు లేదు. ఎన్నుకొనినవానికి నిద్ర పోవును, విడువబడినవానికి జీవనము పోవును. ఇది తెలిసికొని మాటలాడినచో స్వరము కొంచెము తగ్గును. అతడు ఆ సాయంకాలమే స్నేహితునియొద్దకు వెళ్లెను. వారు ఒప్పుకొనలేదట; నాలుగవ స్థానమును గూర్చి మరల మొదలుపెట్టిరట.

వచ్చే నెల యౌవనస్థుల కూటములో అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయము చదువుదుము. యూదా స్థానమునకు ఇద్దరిని నిలువబెట్టిరి. చీటి మత్తీయ పేరట వచ్చెను. రెండవవానికి లూకా మూడు పేర్లును వ్రాసియుంచెను: యోసేపు, బర్సబ్బా, యూస్తు. యోహాను బాప్తిస్మము మొదలుకొని ప్రభువు ఆరోహణము వరకు ఆయనతో కూడ నడిచినవాడు. మత్తీయకు ఏమియు తీసిపోనివాడు. చీటి తప్పిన తరువాత అతడు ఏమి చేసెనో లేఖనము చెప్పదు. పెంతెకొస్తు దినమున అందరును ఒకచోట కూడియుండిరని మాత్రము రెండవ అధ్యాయము మొదటి వచనములో ఉన్నది. అందరిలో అతడు ఉండెనా అని కూటములో ఎవరైన అడుగుదురు. ఇంటివద్దనే చదివి, మీ అభిప్రాయముతో రండి.